మెదడులో పెట్టే సెన్సర్ తడవకుండా చూడ్డం

మా పిన్ని కొడుకు ఆ మధ్య ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫోటో పెట్టాడు. వాడి జబ్బకి తెల్లగా గుండ్రంగా ఒక ప్యాచ్ అతికించి ఉంది, షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోన్‌లో చూపిస్తుందట, కింద "అక్కా, అమెరికాలో నువ్వు ఇన్నాళ్ళూ చేసింది ఇదేనా?" అని. వెంటనే పెదనాన్న గారి కోడలు రెండు దండాలు, బాబాయి చప్పట్లు. కాదురా నాయనా, నేను చేసినవి చాలా మటుకు ఎవరి ఒంటి మీదకీ రాలేదు అని నేను టైప్ చేసేలోపే గ్రూప్ ఎవరిదో పెళ్ళి ఫోటోల్లోకి వెళ్ళిపోయింది. అక్కడ చెప్పడం కుదర్లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు ఆ ప్యాచ్ సంగతి. దాని కింద చర్మంలోకి సన్నటి తీగ ఒకటి దిగి ఉంటుంది, తీగ మీద గ్లూకోజ్‌తో కలిసి పనిచేసే ఎంజైమ్ పూత, ఆ రియాక్షన్‌లో పుట్టే కొద్దిపాటి కరెంటుని కొలిచి షుగర్ లెక్క చెప్తుంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు, అమెరికాలో లీలాండ్ క్లార్క్ అనే ఆయన 1962లోనే చెప్పాడు. 1975లో ఒహాయో రాష్ట్రంలో ఎల్లో స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో ఉన్న కంపెనీ దాన్ని బల్ల మీద పెట్టుకునే మిషన్‌గా అమ్మింది. బల్ల మీద నుంచి మామూలు జనం జబ్బ మీదకి రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. అంతా బాగానే ఉంది గానీ ఇలాంటి ప్యాచ్‌ని పది పదిహేను రోజులకి పీకి పారేసి కొత్తది పెట్టుకోమంటారు చూడండి, ఎందుకు అని వాడు అడగలేదు. అడిగుంటే నా సర్వీసంతా ఆ ఒక్క ఎందుకు మీదే గడిచిపోయిందిరా అని చెప్పేదాన్ని.

మాది తెనాలి. 1976లో వరంగల్ ఆర్‌ఈసీలో ఎలక్ట్రానిక్స్‌లో సీటొచ్చింది, అప్పుడు ఐదేళ్ళ కోర్సు. బ్రాంచిలో ఆడపిల్లలం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి, కాజీపేటలో రైలు దిగి ట్రంకుపెట్టె పట్టుకుని రిక్షా ఎక్కితే రిక్షా అబ్బాయి కూడా "నర్సు ట్రైనింగా అక్కా" అని అడిగేవాడు. ఎలక్ట్రానిక్స్ చదివితే ఈసీఐఎల్, బీఈఎల్, లేకపోతే డిఫెన్స్ ల్యాబులు, ఇంట్లో వాళ్ళకి అంతవరకే తెలుసు, నాన్నకి మాత్రం నేను బ్యాంకు పరీక్ష రాస్తే చాలని ఉండేది. ఒంట్లో ఎలక్ట్రానిక్స్ పెడతారన్న సంగతి నేను మొదటిసారి లైబ్రరీలో ఒక పాత పత్రికలో చదివా. స్వీడన్‌లో 1958లో అర్నే లార్సన్ అనే ఆయనకి మొట్టమొదట ఒంట్లో పేస్‌మేకర్ పెట్టారు, దాన్ని చేసిన ఎల్మ్‌క్విస్ట్ ఆ సర్క్యూట్‌ని షూ పాలిష్ డబ్బాలో పెట్టి ఎపాక్సీ పోసి అచ్చు తీశాడట. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆ తర్వాత లార్సన్ జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుని 2001 దాకా బతికాడు, డాక్టర్ కన్నా ఇంజినీర్ కన్నా ఎక్కువ కాలం. నాకు అప్పట్లో ఆ షూ పాలిష్ డబ్బా దగ్గరే నవ్వొచ్చింది, మొదటిది గంటల్లో ఎందుకు పోయిందో ఆలోచించేంత బుర్ర అప్పటికి లేదు.

తర్వాత ఐఐటీ మద్రాస్‌లో ఎంటెక్. ప్రాజెక్టు ఈసీజీ యాంప్లిఫయర్, అంటే ఆర్నెల్లు యాభై సైకిళ్ళ కరెంటు గోల వదిలించుకోవడంతోనే సరిపోయింది. ఆ పని మీద సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ హాస్పిటల్‌కి వెళ్తుండేదాన్ని. అక్కడి న్యూరోసర్జరీ విభాగం 1950లో రామమూర్తి గారు మొదలుపెట్టింది, చాలా దూరాల నుంచి అక్కడికి వచ్చేవాళ్ళు. ఒకరోజు వరండాలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ, ఒళ్ళో రెండేళ్ళ పిల్లాడు, తల పెద్దగా ఉంది. తెలుగు మాట వినపడేసరికి నన్ను పట్టుకుని "అమ్మా, డాక్టరు గారు అరవంలో ఏదో అంటున్నారు, కాస్త చెప్పండమ్మా" అంది. డాక్టరు గారు అడిగింది ఇది: పిల్లాడు వాంతి చేసుకున్నాడా, ఎక్కువ నిద్రపోతున్నాడా, ఊరికే ఏడుస్తున్నాడా. ఆవిడకి ఏం చెప్పాలో తోచలేదు, రెండేళ్ళ పిల్లాడు ఏడవకుండా ఎప్పుడుంటాడు?

ఆ పిల్లాడికి హైడ్రోసెఫలస్. మెదడులో రోజుకి అరలీటరు దాకా నీరు ఊరుతుంది, మళ్ళీ రక్తంలోకి ఇంకిపోతుంది, ఆ దారి మూసుకుపోతే నీరు నిలిచి ప్రెషర్ పెరుగుతుంది. షంట్ అని సన్నటి సిలికోన్ రబ్బరు గొట్టం వేసి మధ్యలో వాల్వ్ పెట్టి ఆ నీటిని కడుపులోకి వదుల్తారు. ఆ వాల్వ్ కథ కూడా చెప్పాలి, ఫిలడెల్ఫియా దగ్గర జాన్ హోల్టర్ అనే మెషీన్ షాపు టెక్నీషియన్, డాక్టరు కాదు, తన కొడుకు కేసీకి ఇదే జబ్బు ఉంటే 1950ల్లో తనే కూర్చుని వాల్వ్ చేశాడు. ఆ వాల్వ్ ప్రపంచమంతా వాడారు. కానీ షంట్‌తో ఒక చిక్కుంది, అది మూసుకుపోతే బయటికి తెలీదు. వాంతులు, మత్తు, ఏడుపు, ఇవే గుర్తులు, మామూలు జ్వరానికీ ఇవే గుర్తులు. అందుకని డాక్టరు గారు ఆవిణ్ణి అన్ని ప్రశ్నలు అడిగారు. లోపల ప్రెషర్ ఎంతుందో బయటి నుంచి చూసే వీలుంటే ఈ ప్రశ్నలుండవు కదా అని నేను ఎవరితోనో అంటే, "అలాంటివి చేస్తున్నారు, క్లీవ్‌లాండ్‌లో చేస్తున్నారు" అన్నారు. అప్లికేషన్ పెట్టింది ఆ మాట మీదే.

1983 ఆగస్టులో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ యూనివర్సిటీకి వెళ్ళా. అక్కడ ప్రొఫెసర్ వెన్ కో గారి పేరు పెద్ద పేరు, ఒంట్లో పెట్టే ఎలక్ట్రానిక్స్, వైరు లేకుండా రీడింగులు బయటికి పంపే టెలిమెట్రీ, బుల్లి ప్రెషర్ సెన్సర్లు, ఈ విద్యలన్నీ ఆయన అంతకుముందు ఇరవై ఏళ్ళ నుంచే చేస్తున్నారు. ఊళ్ళో ఇంకో పక్క క్లీవ్‌లాండ్ క్లినిక్, అక్కడే ఫవలోరో 1967లో గుండెకి బైపాస్ చేశాడు. ఇంత వైద్యం ఉన్న ఊళ్ళో చలి మాత్రం మనిషిని చంపేది, ఈరీ సరస్సు మీద నుంచి వచ్చే మంచు ఒక రాత్రిలో కారుని పూడ్చేసేది. చలికాలం ల్యాబులో గాలి ఎంత పొడిగా ఉండేదంటే స్వెటర్ తీస్తే చిటపటమని నిప్పురవ్వలు, ఆ కాస్త స్టాటిక్ చాలు, నెలల తరబడి చేసిన చిప్ పోవడానికి. అందుకే మణికట్టుకి వైరు కట్టుకుని నేలకి కలుపుకుని కూర్చునేవాళ్ళం. ఈస్టర్ దగ్గరపడితే మాత్రం త్యాగరాజ ఆరాధన, 1978 నుంచి జరుగుతోంది అక్కడ, వారం పాటు అందరం ఆ హాల్లోనే ఉండేవాళ్ళం, సాంబారు వడ్డించేది ఒక హార్ట్ సర్జన్ గారు, పక్కన పాడేది తమిళ పిల్ల, పాట తెలుగు. పంచరత్నాలు పాడేటప్పుడు నా పక్కన కూర్చున్న అరవ మామి "మీకు అర్థం తెలుసు కదా, అదృష్టం" అనేది, నిజానికి సగం నాకూ తెలిసేది కాదు.

పని విషయానికొస్తా. సిలికాన్‌ని నొక్కితే దాని రెసిస్టెన్స్ మారుతుంది, ఈ సంగతి 1954లో బెల్ ల్యాబ్స్‌లో స్మిత్ కనిపెట్టాడు. ఈ గుణాన్ని వాడుకుని సిలికాన్ వేఫర్‌ని, అంటే పల్చటి బిళ్ళని, వెనక నుంచి రసాయనంతో తినేసి, పదీ పదిహేను మైక్రాన్ల మందం పొర మాత్రం మిగిల్చి, దాని అంచుల్లో నాలుగు రెసిస్టర్లు బ్రిడ్జిగా అమరిస్తే, ప్రెషర్‌కి పొర ఒంగుతుంది, ఓల్టేజి వస్తుంది, అంతే సెన్సర్. వేఫర్‌ని తినడానికి పొటాషియం హైడ్రాక్సైడ్, కాగుతూ ఉంటుంది, సిలికాన్ స్ఫటికం తనకిష్టమైన కోణంలోనే తెగుతుంది, 54.7 డిగ్రీలు, ఎవరు చేసినా ఎక్కడ చేసినా అంతే. మొదటిసారి మైక్రోస్కోపులో ఆ ఏటవాలు గోడలు నున్నగా అద్దంలా మెరుస్తూ కనపడ్డప్పుడు నేను అరగంట అలా చూస్తూ ఉండిపోయా, ఎవరో వచ్చి మైక్రోస్కోపు ఖాళీ చెయ్యమ్మా అనేదాకా. ఇంకో ద్రావకం ఉండేది, ఈడీపీ, ముదురు గోధుమరంగు, విషం, ఫ్యూమ్ హుడ్ కింద కాచినా ఏదో వాసన జుట్టుకి పట్టేది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అయితే ఇంకా నయవంచన, చర్మానికి తగిలితే అప్పటికప్పుడు నొప్పి కూడా ఉండదు, లోపలికి దిగి ఎముకలో కాల్షియం దాకా పోతుంది, అందుకే క్లీన్‌రూమ్ తలుపు పక్కనే కాల్షియం గ్లూకొనేట్ జెల్ ట్యూబు వేలాడుతుండేది. అమ్మకి ఇవేవీ చెప్పలేదు. "ఏమే, అక్కడ ఏం పని చేస్తావే" అని ట్రంక్ కాల్‌లో అడిగితే "బీపీ కొలిచే మిషన్లమ్మా" అన్నా, ఆవిడ పోయేదాకా వీధిలో అందరికీ అదే చెప్పింది.

ఇంకో తమాషా ఏంటంటే ఈ బుల్లి సెన్సర్లకి డబ్బు పోసింది ఆస్పత్రులు కాదు, కార్లు. అమెరికాలో 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చాక ఇంజిన్‌లోకి పోయే గాలి ప్రెషర్ కొలవక తప్పలేదు, కార్ కంపెనీలు లక్షల లెక్కన సెన్సర్లు కొనడం మొదలెట్టాయి, దాంతో ధరలు దిగాయి, మేము ఆ వెనకే దూరాం. సిలికాన్‌తో మరలు స్ప్రింగులు లాంటివి చెయ్యొచ్చని 1982లో ఐబీఎం నుంచి పీటర్సన్ రాసిన పెద్ద పేపరు మా అందరి దగ్గరా జిరాక్సు కాపీగా ఉండేది, నా కాపీ మూలలు నలిగి కాఫీ మరకలతో ఇంకా ఎక్కడో ఉంది. ఇలాంటి బుల్లి సిలికాన్ యంత్రాలకి మెమ్స్ అన్న పేరు ఆ దశాబ్దం చివర్లో గానీ రాలేదు, మేము చేసేటప్పుడు దానికి పేరు కూడా సరిగ్గా లేదు.

ఇంతవరకు చదివినవాళ్ళకి, అబ్బో సెన్సర్ చెయ్యడం ఎంత కష్టం అనిపిస్తుంది. కష్టమే, కానీ నేను వెళ్ళిన రెండేళ్ళకి మా చేతికి మంచి సెన్సర్లే వచ్చాయి, బల్ల మీద పెడితే ముచ్చటగా పనిచేసేవి. అసలు కథ దాన్ని ఒంట్లో పెట్టాక మొదలవుతుంది. ఒళ్ళంటే ఏంటి, 37 డిగ్రీల ఉప్పునీళ్ళు. మీ సెల్‌ఫోన్ తీసి వెచ్చటి ఉప్పునీళ్ళలో వేసి ఐదేళ్ళ తర్వాత ఫోన్ చేస్తా ఎత్తు అనండి, మా ఉద్యోగం అది. పేస్‌మేకర్ వాళ్ళు చివరికి టైటానియం డబ్బాలో పెట్టి లేజర్‌తో వెల్డింగ్ చేసేసి గట్టెక్కారు. ప్రెషర్ సెన్సర్‌కి ఆ వైభోగం లేదు, దాన్ని డబ్బాలో మూసేస్తే ప్రెషర్ ఎలా తెలుస్తుంది? ఒళ్ళు దానికి తగలాలి, నీరు తగలకూడదు.

మొదట్లో నాకు వాటర్‌ప్రూఫ్ అంటే నీరు దూరని పూత అనే ఉండేది. తీరా చూస్తే సిలికోన్ రబ్బరులోంచి (చిప్ చేసే సిలికాన్ వేరు, ఇది వేరు) నీటి ఆవిరి హాయిగా పోతుంది, ఎపాక్సీలోంచి కూడా పోతుంది, కాస్త నెమ్మదిగా. అలాంటప్పుడు అది కాపాడేది ఎలా? దీనికి జవాబు లండన్ వాళ్ళు చెప్పారు, అక్కడ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళ న్యూరలాజికల్ ప్రాస్థెసెస్ యూనిట్‌లో బ్రిండ్లీ, డోనాల్డ్‌సన్ అని ఇద్దరుండేవారు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళకి మూత్రం పట్టు కోసం ఇంప్లాంట్లు చేసేవారు, పైన ఉట్టి సిలికోన్ రబ్బరే, అయినా ఏళ్ళ తరబడి పనిచేసేవి. డోనాల్డ్‌సన్ చెప్పిన కిటుకు ఏంటంటే ఆవిరి పోతే పోనీ, ఆవిరి ఏమీ చెయ్యదు, అది నీటిబొట్టుగా మారితేనే ప్రమాదం. రబ్బరు చిప్‌కి ఎక్కడా సందు లేకుండా గట్టిగా అంటుకుని ఉంటే నీరు చేరడానికి చోటే లేదు. కానీ లోపల ఒక్క ఉప్పు కణం ఉందనుకోండి, అది చుట్టూ ఉన్న తేమని లాక్కుంటుంది, బుడగ కడుతుంది, బుడగ రబ్బరుని లేపుతుంది, ఆ సందులోకి ఇంకా నీరు, అయిపోయింది. ఆ ఉప్పు ఎక్కడిదయ్యా అంటే వేలిముద్రది. చెమట పట్టిన వేలు ఒక్కసారి తగిలితే చాలు. నాకు ఇది చదవగానే అమ్మ ఆవకాయ జాడీ దగ్గర అరిచే అరుపు వినపడింది, తడిచెయ్యి పెట్టావంటే జాడీ మొత్తం పోతుంది అని. మా ల్యాబులో కొత్త పిల్లలకి ట్రెయినింగ్ ఇచ్చేటప్పుడు అమెరికా వాళ్ళకి ఇది ఎలా చెప్పాలో తెలిసేది కాదు గానీ, తెలుగు కుర్రాడెవడైనా వస్తే ఒక్క ముక్కలో అయిపోయేది.

అక్కడి నుంచి నా జీవితం కడగడమే. సాల్వెంట్‌తో కడుగు, అయాన్లు లేని నీటితో కడుగు, ప్లాస్మాలో (రక్తంలోది కాదు, కరెంటుతో వెలిగే వాయువు) పెట్టు, వెంటనే పూత వెయ్యి, మళ్ళీ ముట్టుకోకు. తర్వాత సీసాల్లో సెలైన్ పోసి అందులో వేలాడదీసి, లీకేజి కరెంటు చూస్తూ కూర్చోవడం, పికో ఆంపియర్లలో. ఐదేళ్ళు ఆగలేం కదా, అందుకని వేడి పెంచుతారు, పది డిగ్రీలు పెంచితే రియాక్షన్ వేగం సుమారుగా రెట్టింపు అని ఒక మొరటు లెక్క ఉంది, ఆ లెక్కని నమ్మాలా వద్దా అని కాన్ఫరెన్సుల్లో కొట్టుకునేవాళ్ళం. నేనైతే పూర్తిగా నమ్మలేదు, వేడిలో చచ్చే కారణం వేరు, ఒంట్లో చచ్చే కారణం వేరు కావచ్చు. ల్యాబులో మైక్రోస్కోపు దగ్గర క్యూ ఉండేది, సీసాల గది మాత్రం ఎప్పుడూ నాదే. పేపర్లు కూడా అంతే, కొత్త సెన్సర్ చేశామంటే పెద్ద జర్నల్, పూత ఎందుకు లేచిందో కనిపెట్టామంటే అనుబంధం. గ్రాంటు కమిటీలో ఒకాయన "ఇది ఇంజినీరింగేనా, పెయింట్ పనా" అని నవ్వాడు. నాకు ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

డ్రిఫ్ట్ అని ఇంకో శత్రువు, అంటే సెన్సర్ సున్నా మెల్లిగా పక్కకి జరిగిపోవడం. మెదడులో ప్రెషర్ మామూలుగా, బీపీ లాగే పాదరసం లెక్కలో, 7 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది, 20 దాటితే డాక్టర్లు కంగారుపడతారు. అంటే మంచికీ చెడ్డకీ మధ్య ఉన్న దూరమే ఐదు, పది మిల్లీమీటర్లు. మీ సెన్సర్ సున్నా నెలకి రెండు మిల్లీమీటర్లు జరిగిందనుకోండి, ఏడాదికి 24, ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఆపరేషన్ చెయ్యమని చెప్తుంది, లేదా ప్రాణం మీదకొచ్చినవాణ్ణి బాగున్నాడంటుంది. చేతి బీపీ మిషన్ అయితే గాలి తీసేసి సున్నా సరిచూసుకోవచ్చు, పుర్రె లోపల ఉన్నదాన్ని ఎలా సరిచూస్తారు? దీనికి తోడు వాతావరణం ఒకటి. లోపలున్న సెన్సర్ మొత్తం ప్రెషర్ చూస్తుంది, అందులోంచి బయటి గాలి ప్రెషర్ తీసేస్తే గానీ మెదడు ప్రెషర్ రాదు, 760లోంచి 750 తీసి పది కనుక్కోవడం లాంటిది. పెద్ద మంచు తుఫాను వచ్చే ముందు గాలి ప్రెషర్ పది మిల్లీమీటర్ల పైన పడిపోతుంది. హైదరాబాద్ పేషెంటు రైలెక్కి చెన్నై వెళ్తే, ఎత్తు తేడా వల్ల నలభై మిల్లీమీటర్ల పైనే మారిపోతుంది, అందుకని పేషెంటుతో పాటు ఒక బారోమీటర్ కూడా తిరగాలి. దివిసీమ ఉప్పెనప్పుడు, అదే 1977లో, నేను వరంగల్లో ఉన్నా, నాన్న ఉత్తరంలో "బారోమీటరు పడిపోయిందని రేడియోలో చెప్పారు, మనం పట్టించుకోలేదు" అని రాశారు. పదేళ్ళ తర్వాత బారోమీటరుతో నాకు ఇంత అవసరం పడుతుందని ఎవరనుకున్నారు.

కుక్కల మీద ప్రయోగాలు కూడా జరిగాయి. వాటి గురించి ఎక్కువ రాయలేను, రూల్స్ ప్రకారమే జరిగాయి, మత్తు ఇచ్చే చేశారు, అయినా ఆ బిల్డింగుకి వెళ్ళే రోజు నాకు పొద్దున అన్నం సయించేది కాదు. కొన్ని సెన్సర్లు నెలల పాటు బాగానే పనిచేశాయి. నెలలు అంటే మా పేపర్లకి చాలు, పిల్లాడికి చాలవు. డబ్బులిచ్చేవాళ్ళకి ఓపిక అయిపోయింది, ప్రాజెక్టు ముగిసింది, మా మెదడు సెన్సర్ ఏ పిల్లాడి తలలోకీ వెళ్ళలేదు.

అప్పుడు కంపెనీ ఉద్యోగానికి వెళ్ళా. అక్కడ చేసింది డిస్పోజబుల్ బీపీ ట్రాన్స్‌డ్యూసర్, ఐసీయూలో మీరెవరైనా చూసే ఉంటారు, పేషెంటు చేతి ధమనిలో సన్న గొట్టం, దానికి సెలైన్ లైను, మంచం పక్క స్టాండుకి కట్టిన చిన్న ప్లాస్టిక్ ముక్క, నర్సు దాన్ని గుండె ఎత్తుకి సరిచేసి సున్నా కొడుతుంది. అందులో మన సిలికాన్ చిప్పే, పైన సిలికోన్ జెల్ వేసి ఉంటుంది, జెల్ లోంచి ప్రెషర్ వస్తుంది. మూడు నాలుగు రోజులు వాడి పారేస్తారు. అంతకుముందు రోజుల్లో ఇవి ఖరీదైనవి, కడిగి స్టెరిలైజ్ చేసి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళు, ఇన్ఫెక్షన్లు వచ్చేవి. ఎనభైల్లో సిలికాన్ వచ్చాక పారేసేంత చవకయ్యాయి. నేను ఏళ్ళ తరబడి సచ్చీచెడీ ఒంట్లో నిలబెట్టాలని చూసింది ఫలించలేదు, వారంలో చెత్తబుట్టలో పడేది మాత్రం లక్షల మందికి పనికొచ్చింది. నాకు మొదట్లో చిన్నతనంగా ఉండేది, తర్వాత విజయవాడలో మా మామగారికి బైపాస్ అయినప్పుడు ఐసీయూ అద్దంలోంచి ఆ ప్లాస్టిక్ ముక్క చూశాక ఆ చిన్నతనం పోయింది. అందులోనే ఇంకో అడుగు పడింది తర్వాత, స్వీడన్‌లో ఉప్సాలా వాళ్ళు 0.36 మిల్లీమీటర్ల తీగ చివర ప్రెషర్ సెన్సర్ పెట్టారు. గుండె రక్తనాళంలో అడ్డుకి ముందున్న ప్రెషర్‌లో అడ్డు దాటాక ఎంత వంతు మిగిలిందో చూసి, 0.80 పైన ఉంటే మామూలుగా స్టెంట్ అక్కర్లేదంటారు. మీ కార్డియాలజిస్టు ఎఫ్ఎఫ్ఆర్ అన్నాడంటే ఇదే. స్టెంట్ వెయ్యొద్దని చెప్పే మిషన్ కనిపెట్టడం చిన్న విషయం కాదు.

2014లో కార్డియోమెమ్స్‌కి ఎఫ్‌డీఏ అప్రూవల్ వచ్చిందన్న వార్త చదివిన రోజు బాగా గుర్తుంది. గుండె బలహీనపడ్డవాళ్ళకి ఊపిరితిత్తుల ధమనిలో పెట్టే సెన్సర్ అది, జార్జియా టెక్‌లో మార్క్ అలెన్, కార్డియాలజిస్టు జై యాదవ్ కలిసి మొదలెట్టారు. బ్యాటరీ లేదు, బయటికి వైరు లేదు, లోపల చిప్ కూడా లేదు, ఒక కాయిలు ఒక కెపాసిటరు, క్వార్ట్జ్ గాజులో మూసేశారు. బయట నుంచి రేడియో తరంగం పంపితే ప్రెషర్‌ని బట్టి దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. పేషెంటు ఇంట్లో ఒక దిండు మీద పడుకుంటే రీడింగ్ డాక్టరుకి వెళ్తుంది, బయటి గాలి ప్రెషర్‌ని కూడా ఆ మిషనే తీసేసుకుంటుంది. బారోమీటర్! నేను వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా నవ్వా, మావారు ఏమైందని వచ్చారు. ఇదంతా కొత్తా అంటే ఆ సూత్రం 1967లోనే కాలిన్స్ అనే ఆయన కంట్లో ప్రెషర్ కొలవడానికి వాడి పేపర్ రాశాడు, గ్లాకోమా కోసం. మధ్యలో ఆ యాభై ఏళ్ళూ ఎక్కడికి పోయాయి అంటే నన్నడిగితే సగానికి పైగా ఆ సీసాల గదిలోకే పోయాయంటా.

ఇటు మన దేశం వైపు చూస్తే నాకు ఎక్కువ ఇష్టమైనవి సెన్సర్లు కావు. హైదరాబాద్‌లో కలాం గారు అగ్ని కోసం చేసిన తేలికపాటి మెటీరియల్‌తో నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాలిపర్లు చేయించారు కదా, మూడు కిలోల ఇనుము 300 గ్రాములకి దిగింది. డాక్టర్ సోమరాజు గారితో కలిసి స్టెంట్ కూడా చేశారు. ఇంకోటి చాలామందికి తెలీదు, ఉత్తరప్రదేశ్ షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్. ఉగాండాలో వార్ఫ్ అనే అమెరికన్ సర్జన్ ఈ 35 డాలర్ల షంట్‌నీ, 650 డాలర్ల అమెరికన్ షంట్‌నీ పక్కపక్కన 195 మంది పిల్లల్లో పోల్చి చూశాడు. ఏడాది తర్వాత ఫలితాల్లో తేడా లేదు. 2005లో ఆ పేపర్ చదివి రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నెల్లూరు అమ్మకి నా సెన్సర్ కన్నా ముందు అవసరమైంది ఆ 35 డాలర్ల గొట్టమే.

కోవిడ్‌లో పల్స్ ఆక్సీమీటర్ ప్రతి ఇంటికీ వచ్చింది, తెనాలిలో మందుల షాపులో దొరక్క నన్నడిగారు, అమెరికా నుంచి పంపమని. దాని వెనక సూత్రం కనిపెట్టిన జపాన్ ఆయన తకువో అయోయాగి, 1970ల మొదట్లో. ప్రపంచం మొత్తం వేళ్ళకి ఆ క్లిప్పు పెట్టుకుంటున్న 2020 ఏప్రిల్లోనే ఆయన పోయాడు, చాలామందికి ఆ వార్త కూడా తెలీలేదు. అదే ఏడాది డిసెంబర్లో ఇంకో పేపర్, నల్లటి చర్మం ఉన్నవాళ్ళలో ఆక్సిజన్ నిజంగా పడిపోయినా క్లిప్పు బాగుందని చూపించడం తెల్లవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువ అని. వెలుతురు చర్మంలోంచి పోతుంది కాబట్టి చర్మం రంగు లెక్కలోకి రావాలి, క్యాలిబ్రేషన్ చేసినప్పుడు ఎవరి వేళ్ళు పెట్టి చేశారన్నదే ప్రశ్న. మా ఇంట్లో వాళ్ళకి నేను చెప్పిందల్లా అంకె ఒక్కటే చూడకండి, ఆయాసం చూడండి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడండి అని.

రిటైరయ్యాక శీతాకాలాలు ఇండియాలోనే. మనవైపు ఈ విద్య ఇప్పుడు బానే పాకింది, డీఆర్‌డీఓకి ఒకప్పుడు అధిపతిగా చేసిన ఆత్రే గారి నాయకత్వంలో దేశం మొత్తం చాలా కాలేజీల్లో మెమ్స్ డిజైన్ సెంటర్లు పెట్టారు, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ డిపార్ట్‌మెంటు, వైజాగ్‌లో మెడ్‌టెక్ జోన్. కాలేజీల్లో మాట్లాడమని పిలుస్తారు, వెళ్తా. పిల్లలు పోస్టర్లు చూపిస్తారు, అంతా సెన్సిటివిటీ, సైజు, సిమ్యులేషన్లో రంగు రంగుల బొమ్మలు. నేను ఒకే ప్రశ్న అడుగుతా, దీన్ని సెలైన్‌లో వేశారా అని. చాలా మంది నవ్వేసి, అది ఫ్యూచర్ వర్క్ మేడం అంటారు.

మొన్న వైజాగ్‌లో ఒక కాలేజీలో మాత్రం శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకర్తి, పోస్టర్ కూడా సరిగ్గా అంటించుకోలేదు, మూల ఊడి వేలాడుతోంది, నన్నే ఎదురడిగింది. "మేడం, మేము పీడీఎంఎస్ (ఒకరకం సిలికోన్ రబ్బరు) పూత వేశాం, మూడు వారాలకి అంచు దగ్గర బుడగలొస్తున్నాయి, వేడి ఎక్కువ పెట్టామా, కడగడం తక్కువైందా?" అని ఫోన్లో ఫోటో చూపించింది. బుడగలు వరసగా ఒక గుండ్రటి గీత మీద ఉన్నాయి. బొటనవేలు గీత. "ఎవరు పట్టుకున్నారే దీన్ని?" అన్నా. వెనక నిలబడ్డ కుర్రాడు చేతులు జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురం అక్కడే బెంచీ మీద కూర్చుని కడిగే వరస మొత్తం కాయితం మీద రాసుకుంటూ ఉండిపోయాం, ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు మనిషిని పంపారు, మేము వెళ్ళేసరికి గెస్టుల భోజనాలు ఎత్తేశారు, క్యాంటీన్లో మిగిలిన పులిహోర తిన్నాం. ఆ అమ్మాయి స్పూన్ తెచ్చుకుంటానని లేచి, వద్దులెండి అని మళ్ళీ కూర్చుంది.